పాత 2జీ బేస్ స్టేషన్: విప్పడం, శుభ్రం చేయడం, ల్యాబ్‌లో మళ్ళీ నడిపించడం

టవర్ షెల్టర్లోంచి తీసేసిన 2జీ క్యాబినెట్ (బేస్ స్టేషన్ కార్డులుండే అల్మారా) ఒకటి మీ కాలేజీ ల్యాబ్‌కో, వర్క్‌షాప్‌కో చేరిందనుకోండి. తుక్కు కింద తూకానికి వేసే ముందు దాన్ని ఒకసారి బతికించి చూడండి. టైంస్లాట్, డ్యూప్లెక్సర్, హాపింగ్ అని పాఠాల్లో చదివేవన్నీ అందులో విడివిడి పెట్టెలుగా, చేత్తో పట్టుకునేలా ఉంటాయి. కొత్త పరికరాల్లో ఇదంతా కొన్ని చిప్పుల్లోకి వెళ్ళిపోయింది, విప్పినా కనబడదు. భీమవరం, అమలాపురం వైపు ఎలక్ట్రానిక్స్ చదివే పిల్లలకు ఇంతకంటే మంచి పాఠం దొరకదని మా గట్టి నమ్మకం.

పని ఒక వరుసలో సాగాలి. ముందు తడి, ఉప్పు. తర్వాత కరెంటు, గడియారం, లింకు. రేడియో అన్నిటికన్నా చివర. ఈ వరుస తప్పినవాళ్ళే బాగున్న ట్రాన్స్‌సీవర్‌ను (పంపే, అందుకునే రేడియోను) పోయిందని పక్కన పడేస్తారు. గోదావరి డెల్టాలో పని చేసొచ్చిన సామానుకు ఈ క్రమం మరీ ముఖ్యం. ఇక్కడి గాలి, నీరు ముందుగా దెబ్బ తీసేది చిప్పులను కాదు, కనెక్టర్లను.

ఉదాహరణకు ఎరిక్సన్ ఆర్‌బీఎస్ 2206ను తీసుకుందాం. నోకియా అల్ట్రాసైట్ అయినా, హువావే బీటీఎస్3012 అయినా కార్డుల పేర్లు మారతాయి గానీ పనులు అవే.

మొదలుపెట్టక ముందు: యాంటెన్నా తగిలించవద్దు

900, 1800 మెగాహెర్ట్జ్ బ్యాండ్లు ఆపరేటర్లు వేలంలో కొనుక్కున్నవి. అనుమతి లేకుండా వాటిలో ప్రసారం చేయడం నేరం. అంతకన్నా పెద్ద సంగతి, పక్క ఊరి టవర్ వాడే ఛానెల్ మీద మీ క్యాబినెట్ 40 వాట్లు వదిలితే ఆ చుట్టుపక్కల 108కి చేసే కాల్ కూడా తెగిపోవచ్చు. ప్రయోగాలకు కేంద్ర టెలికాం శాఖ విడిగా అనుమతులిస్తుంది. తరంగాలు బయటికి పోని పరీక్షలు కూడా వాటిలో ఒక రకమే. కాలేజీ పేరుతో సరల్ సంచార్ పోర్టల్‌లో దరఖాస్తు పెట్టుకోండి. ఈ వ్యాసంలో చెప్పే పనంతా డమ్మీ లోడ్ (యాంటెన్నాకు బదులు పవర్‌ను వేడిగా మింగే నిరోధం) మీద, కేబుల్ ద్వారానే.

ఇంకొక జాగ్రత్త. పాత పవర్ యాంప్లిఫైయర్లలోని కొన్ని ఆర్ఎఫ్ (రేడియో) ట్రాన్సిస్టర్ల తెల్లటి పింగాణీ భాగం బెరిలియం ఆక్సైడ్ కావచ్చు. పగలకపోతే ప్రమాదం లేదు. పగిలినా, ఆకురాయితో గీకినా వచ్చే పొడి పీలిస్తే ఊపిరితిత్తులకు శాశ్వతంగా హాని. ట్రాన్స్‌సీవర్ మూత తీసి చూడండి, లోపలి ట్రాన్సిస్టర్ల జోలికి మాత్రం వెళ్ళకండి.

లోపల ఏముంది

నిండుగా ఉన్న క్యాబినెట్ 200 కేజీలు దాటుతుంది. నలుగురు పట్టాలి, లేదా కార్డులన్నీ ఊడదీసి కదపాలి. ఊడదీసే ముందు ప్రతి కేబుల్‌కూ రెండు చివర్లా చీటీ అంటించి ఫోటోలు తీసుకోండి. తర్వాత గుర్తుంటుందిలే అనుకుంటే కుదరదు. ఆర్ఎఫ్ కేబుళ్ళు చూడ్డానికి అన్నీ ఒకేలా ఉంటాయి.

డీఎక్స్‌యూ-21 క్యాబినెట్ మొత్తానికి నియంత్రణ కార్డు. బీఎస్‌సీ (బేస్ స్టేషన్లను నడిపే కంట్రోలర్) నుంచి వచ్చే ఈ1 లింకులు (2 మెగాబిట్ల డిజిటల్ లింకులు) దీనికే చేరతాయి. గడియారం ఇందులోనే ఉంది. ఊడదీయగల కాంపాక్ట్ ఫ్లాష్ కార్డులో సాఫ్ట్‌వేరు, సైటు వివరాలు రెండూ ఉంటాయి. మొదటిరోజే ఆ కార్డు తీసి కంప్యూటర్‌లో పూర్తి నకలు చేసుకోండి. ఫైళ్ళు కాపీ చేస్తే సరిపోదు, మొత్తం కార్డు ఇమేజ్ తీయాలి. ఆ సాఫ్ట్‌వేరు పోతే బయట దొరకదు.

డీటీఆర్‌యూ అంటే ఒకే పెట్టెలో రెండు ట్రాన్స్‌సీవర్లు. ఆరు పెట్టెలు, అంటే 12 టీఆర్‌ఎక్స్‌లు (ట్రాన్స్‌సీవర్లు) పడతాయి. ఒక్కో టీఆర్‌ఎక్స్‌కు 200 కిలోహెర్ట్జ్ వెడల్పున్న ఒక కేరియర్ (రేడియో ఛానెల్). దాళ్వాలో కాలువలకు వంతులవారీగా నీళ్ళు వదిలినట్టే, ఆ ఒక్క కేరియర్‌ను ఎనిమిది మంది వంతులవారీగా వాడుకుంటారు. వంతు (టైంస్లాట్) 577 మైక్రోసెకన్లు, ఎనిమిది వంతులు కలిస్తే 4.615 మిల్లీసెకన్ల ఫ్రేమ్.

సీడీయూలో (ట్రాన్స్‌సీవర్లకూ యాంటెన్నాకూ మధ్య ఉండే పెట్టెలో) డ్యూప్లెక్సర్, ఫిల్టర్లు, రిసీవ్ వైపు తక్కువ శబ్దపు యాంప్లిఫైయర్ ఉంటాయి. జీఎస్ఎం (2జీ ప్రమాణం) 900లో ఫోన్ 890 నుంచి 915 వరకు, టవర్ 935 నుంచి 960 మెగాహెర్ట్జ్ వరకు మాట్లాడతాయి. మధ్య దూరం ఎప్పుడూ 45 మెగాహెర్ట్జే. ఒకే యాంటెన్నా మీద 40 వాట్లు బయటికి పంపుతూ, అదే క్షణంలో మైనస్ 104 డీబీఎం (మిల్లీవాటుతో పోల్చి చెప్పే పవర్ కొలత) సిగ్నల్‌ను వినగలగడం ఈ డ్యూప్లెక్సర్ చలవే. దాని మూత మీద కనబడే మరలు బిగువు కోసం పెట్టినవి కావు, ట్యూనింగ్‌వి. ఒక్క మర పావు చుట్టు తిప్పినా, నెట్‌వర్క్ ఎనలైజర్ లేకుండా మళ్ళీ సరిచేయలేరు. సీడీయూ రకం కూడా రాసుకోండి. ఎఫ్ రకం అయితే సన్నటి ఫిల్టర్లతో కేరియర్లను కలుపుతుంది, కాబట్టి సింథసైజర్ హాపింగ్ (ట్రాన్స్‌మిటర్ తన ఛానెల్‌ను క్షణక్షణం మార్చుకోవడం) కుదరదు. జీ రకానికి ఆ ఇబ్బంది లేదు.

సీఎక్స్‌యూ రిసీవ్ సిగ్నల్‌ను అన్ని డీటీఆర్‌యూలకూ పంచుతుంది. పీఎస్‌యూలు (పవర్ సరఫరా కార్డులు) బయటి మైనస్ 48 వోల్టులను, ఏసీ రకమైతే 230 వోల్టులను, లోపలికి ప్లస్ 24 వోల్టులుగా మారుస్తాయి. ఐడీఎం ఆ 24 వోల్టులను బ్రేకర్ల ద్వారా పంచుతుంది. ఫ్యాన్లు కింది నుంచి పైకి గాలి తోస్తాయి. ఖాళీ గళ్ళకు ఉన్న రేకు మూతలు పారేయకండి. అవి లేకపోతే గాలి ఖాళీల గుండా పోయి, పని చేసే కార్డు వేడెక్కుతుంది.

ఉప్పు, ఒండ్రు, చీమలు

ముందు తెలుసుకోవాల్సింది ఆ క్యాబినెట్ ఏ ఊరి నుంచి వచ్చిందని. అంతర్వేది, ఓడలరేవు లాంటి తీరం సైట్ల నుంచి వచ్చినదానికి ఉప్పుగాలి తగిలి ఉంటుంది. గౌతమి, వశిష్ఠ, వైనతేయ పాయల ఒడ్డున వరదలో మునిగినదైతే మంచినీటి ఒండ్రు పట్టి ఉంటుంది. రెండో రకమే నయం. భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరిన 2022 జులై లాంటి వరదల్లో నీరు మురికిగా ఉంటుందే గానీ అందులో ఉప్పు తక్కువ. కడిగి ఆరబెడితే చాలా కార్డులు దక్కుతాయి. సముద్రపు పోటు కలిసిన నీళ్ళలో మునిగినదైతే క్లోరైడ్ రాగిని తింటూనే ఉంటుంది. ఎంత కడిగినా దానికి ఆయుష్షు తక్కువ, ఆశ పెట్టుకోవద్దు.

గుర్తుపట్టడం సులభమే. కనెక్టర్ పిన్నుల మీద ఆకుపచ్చ పొర అంటే రాగి తుప్పు. అల్యూమినియం పెట్టె అంచుల్లో తెల్లటి పొడి ఉంటే ఉప్పు తగిలినట్టు. కార్డుకు అడ్డంగా ఒకే ఎత్తులో మట్టి గీత కనబడితే అక్కడిదాకా నీళ్ళు నిలిచాయి.

కడిగే వరుస ఇది:

1. కార్డు మూత తీయండి. బ్యాటరీ గానీ, ఊడే కార్డు గానీ ఉంటే తీసి పక్కన పెట్టండి.
2. ఎండిన మట్టిని మెత్తటి బ్రష్షుతో రాల్చండి. తడి గుడ్డతో రుద్దితే ఒండ్రు చిప్పుల కాళ్ళ మధ్యకు దిగుతుంది.
3. బ్యాటరీ షాపులో దొరికే డిస్టిల్డ్ వాటర్‌తో రెండుమూడు సార్లు కడగండి. కుళాయి నీళ్ళు వద్దు. డెల్టాలో బోరు నీళ్ళు చాలాచోట్ల ఉప్పగానే ఉంటాయి.
4. తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్ పోసి నీటిని తరిమేయండి. గది కిటికీలు తెరిచి ఉంచండి, దగ్గర్లో మంట ఉండకూడదు.
5. 50 నుంచి 60 డిగ్రీల వేడిలో ఒక రోజంతా ఆరబెట్టండి. వానాకాలంలో ఊరికే బల్ల మీద పెడితే ట్రాన్స్‌ఫార్మర్ల చుట్టల్లో, కనెక్టర్ల లోపల తడి వారమైనా పోదు.

సీడీయూలో ఫిల్టర్ల గదుల్లోకి, డీఎక్స్‌యూలో ఆవెన్ గడియారపు (స్ఫటికాన్ని ఒకే వేడిలో ఉంచేదాని) డబ్బాలోకి ఆల్కహాల్ పోయకండి. వాటిని బయట తుడిచి వదిలేయాలి.

ఐడీఎం బ్రేకర్లను ఒక్కొక్కటే తెరిచి మూసి, మల్టీమీటర్‌తో నిరోధం చూడండి. చీమలు, బల్లులు వెచ్చదనం కోసం అందులో దూరతాయి. చచ్చిన బల్లి ఒక్కటి చాలు, కాంటాక్టు కాలిపోవడానికి. ఎలుక కొరికిన వైర్లు సాధారణంగా కేబుల్ ట్రే మలుపులో దొరుకుతాయి.

ఏసీ గదిలోంచి తెచ్చిన చల్లటి క్యాబినెట్‌కు వెంటనే కరెంటు ఇవ్వొద్దు. బయటి ఉక్కగాలి తగలగానే లోపల చెమ్మ పడుతుంది. మూతలేసి కొన్ని గంటలు అలా ఉంచండి.

సిద్ధం చేసుకోవాల్సినవి

25 ఆంపియర్ల 48 వోల్టుల టెలికాం రెక్టిఫైయర్ మాడ్యూల్ ఒకటి. కరెంటుకు పరిమితి పెట్టగల బల్ల మీది సరఫరా ఒకటి. 100 వాట్ల, 50 ఓం, 30 డీబీ అటెన్యుయేటర్ (సిగ్నల్ బలం తగ్గించేది) ఒకటి, దాని తర్వాత పెట్టే చిన్నవి 20 డీబీవి మూడు. మిగిలిన పోర్టులకు 50 ఓం లోడ్లు. 7/16 డిన్ కనెక్టర్ జంపర్లు (పొట్టి ఆర్ఎఫ్ కేబుళ్ళు), టార్క్ స్పానర్. కేబుళ్ళు చూడ్డానికి నానోవీఎన్‌ఏ అనే చిన్న నెట్‌వర్క్ ఎనలైజర్. క్యాబినెట్ పంపే సిగ్నల్ చూడ్డానికి ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ డాంగిల్ (యూఎస్‌బీ రేడియో రిసీవర్). లైనక్స్ కంప్యూటర్, దానికి ఈ1 లింకును కలిపే ఐస్‌ఈ1యూఎస్‌బీ అడాప్టర్. సాధ్యమైతే జీపీఎస్ ఆధారిత 10 మెగాహెర్ట్జ్ రిఫరెన్సు, ఫ్రీక్వెన్సీ కౌంటర్.

వీటిలో అడాప్టర్, పెద్ద అటెన్యుయేటర్ ఖరీదైనవి. అటెన్యుయేటర్ దగ్గర డబ్బు మిగల్చాలని చూడొద్దు. కంట్రోల్ ఛానెల్ ఉన్న కేరియర్, ఒక్క కాల్ కూడా లేకపోయినా, ఎనిమిది వంతుల్లోనూ పూర్తి పవర్‌తో ఆగకుండా ప్రసారం చేస్తుంది. పక్క సెల్లులోని ఫోన్లు దాని బలం కొలుచుకోవాలి కాబట్టి ప్రమాణమే అలా రాశారు. 20 వాట్ల లోడ్ పెట్టి కాసేపేలే అనుకుంటే అది మాడిపోతుంది. అది మాడగానే ట్రాన్స్‌మిటర్ మీదికి పవర్ వెనక్కి వస్తుంది.

కరెంటు

టెలికాంలో ప్లస్ ఎర్త్‌కు కలుస్తుంది, మైనస్ 48 వోల్టుల తీగ వేడి తీగ. తేమలో రాగి తీగలు విద్యుద్విశ్లేషణతో తినుకుపోకుండా మొదటి టెలిఫోన్ ఎక్స్ఛేంజీల కాలం నుంచీ వస్తున్న పద్ధతి ఇది. వైరు రంగులను నమ్మకండి. సైటులో ఎవరో మరమ్మతు చేసి రంగు మార్చి ఉండొచ్చు. మీటర్ నల్ల తీగ ఎర్త్‌కు పెట్టి, ఎర్ర తీగతో ఒక్కో వైరూ చూడండి. ఒకటి సున్నా, ఇంకొకటి మైనస్ 54 దగ్గర చూపాలి.

48 వోల్టులని పేరే గానీ, రెక్టిఫైయర్ 54 దగ్గర పెడతారు. సైటు బ్యాటరీ బ్యాంకులో 2 వోల్టుల సెల్లులు 24 ఉంటాయి, ఒక్కోటి 2.25 దగ్గర తేలుతూ ఉండాలి కాబట్టి. ఈ తరగతి పరికరాలకు మైనస్ 40.5 నుంచి మైనస్ 57 దాకా పరిధి. ఆ బ్యాటరీలు కూడా సామానుతో వస్తే ల్యాబ్‌కు తేవద్దు. ఉబ్బిన సెల్లులు అధీకృత రీసైక్లర్‌కే వెళ్ళాలి.

ల్యాబ్‌కు సొంత ఎర్త్ పిట్ ఉండాలి. నిరోధం ఒక ఓం లోపు వస్తే మంచిది. డెల్టా నేల తడిగా ఉంటుంది కాబట్టి ఆ విలువ సులభంగానే వస్తుంది. అక్కడే మోసపోతారు. అదే తడి, అదే ఉప్పు గాల్వనైజ్డ్ పట్టీని కొన్నేళ్ళలో తినేస్తాయి. నేల బాగుంటుంది, నేలకూ బస్‌బార్‌కూ మధ్య పట్టీ ఉండదు. రాగి పూత రాడ్డు వాడండి, కలిపిన చోటు గ్రీజు పూసి, ఏటా వానల ముందు విప్పి చూడండి.

కరెంటు ఇచ్చే వరుస:

1. డీఎక్స్‌యూ, డీటీఆర్‌యూలు, పీఎస్‌యూలు అన్నీ గళ్ళలోంచి రెండంగుళాలు బయటికి లాగి ఉంచండి. బ్రేకర్లన్నీ ఆపండి.
2. బల్ల సరఫరాను 50 వోల్టులకు, 2 ఆంపియర్ల పరిమితికి పెట్టి ఇన్‌పుట్‌కు కలపండి. ఖాళీ క్యాబినెట్ దాదాపు ఏమీ తీసుకోకూడదు. ఆంపియర్లు కనబడితే ఫిల్టరో, సర్జ్ రక్షణో షార్ట్ అయినట్టు.
3. ఒక పీఎస్‌యూను లోపలికి తోయండి. క్షణకాలం కరెంటు ఎగసి తగ్గాలి. అవుట్‌పుట్‌లో 24 వోల్టులకు కాస్త అటూ ఇటూ రావాలి. మిగిలినవి ఒక్కొక్కటిగా ఇలాగే చూడండి.
4. ఇప్పుడు రెక్టిఫైయర్‌కు మారండి. ఫ్యాన్లు, తర్వాత డీఎక్స్‌యూ. డీటీఆర్‌యూ ఇప్పుడే వద్దు.

కొన్ని క్యాబినెట్లలో పీఎస్‌యూలు డీఎక్స్‌యూతో సన్నటి ప్లాస్టిక్ ఫైబర్ వలయం మీద మాట్లాడతాయి. ఒక పీఎస్‌యూను తీసి ఆ వలయాన్ని తెగిన చోట కలపకపోతే, బాగున్న పీఎస్‌యూలు కూడా అలారం చూపిస్తాయి. కొత్తవాళ్ళు మూడు పీఎస్‌యూలూ పోయాయని రాసుకునేది ఇక్కడే.

గడియారం

ఈ క్యాబినెట్లో అందరూ నిర్లక్ష్యం చేసే భాగం ఇదే. మేము ఎక్కువ సమయం పెట్టమని చెప్పేదీ దీని మీదే.

జీఎస్ఎంలో ప్రతి అంకె 13 మెగాహెర్ట్జ్ నుంచి పుడుతుంది. బిట్ వేగం 270.833 కిలోబిట్లు, అంటే 13 మెగాహెర్ట్జ్‌లో నలభై ఎనిమిదో వంతు. ప్రమాణం ప్రకారం బీటీఎస్ (బేస్ స్టేషన్) గడియారం తప్పు వంద కోట్లకు 50 పాళ్ళు దాటకూడదు. 13 మెగాహెర్ట్జ్ దగ్గర అది 0.65 హెర్ట్జ్, 900 మెగాహెర్ట్జ్ దగ్గర 45 హెర్ట్జ్. అందుకే డీఎక్స్‌యూలో స్ఫటికాన్ని చిన్న ఆవెన్‌లో పెట్టి ఒకే వేడిలో ఉంచుతారు. స్విచ్ వేయగానే అది సరిగా ఉండదు. వేడెక్కి కుదురుకునేదాకా సింక్ అలారం (గడియారం కుదరలేదని) వస్తూనే ఉంటుంది, అప్పుడు డీఎక్స్‌యూను రీసెట్ చేస్తూ పోతే ఆ వేడెక్కే పని మళ్ళీ మొదటికొస్తుంది. అరగంట ఆగండి.

ఏళ్ళ తరబడి నడిచిన స్ఫటికం మెల్లగా పక్కకు జరుగుతుంది. ఆ జరుగుడును ఒక డీఏసీ (అంకెను వోల్టేజీగా మార్చే భాగం) వోల్టేజీతో సరిచేస్తారు. డీఏసీ విలువ అంచుకు చేరాక ఇక సరిచేయడానికి చోటు ఉండదు, సింక్ అలారం శాశ్వతంగా నిలిచిపోతుంది. జీపీఎస్ రిఫరెన్సు, కౌంటర్ ఉంటే గంట తర్వాత కొలిచి ఆ విలువ క్యాబినెట్ మీదే రాసిపెట్టండి. ఏడాది తర్వాత మళ్ళీ కొలిస్తే ఎటు జరుగుతోందో తెలుస్తుంది.

సైటులో ఉన్నప్పుడు బీటీఎస్ తన గడియారాన్ని ఈ1 లింకు నుంచి దిద్దుకునేది. ఆ లింకు గడియారం ఎక్స్ఛేంజీలోని అటామిక్ గడియారానికి అనుసంధానమై ఉండేది. ల్యాబ్‌లో మీరిచ్చే ఈ1 ఒక మామూలు అడాప్టర్ నుంచి వస్తుంది. ఈ1 ప్రమాణం పది లక్షలకు 50 పాళ్ళ తప్పు దాకా ఒప్పుకుంటుంది. బీటీఎస్‌కు కావాల్సింది దానికంటే వెయ్యి రెట్లు మెరుగైనది. చౌక కార్డుకు కలిపితే లింకు పచ్చగా వెలుగుతుంది, సింక్ మాత్రం ఎప్పటికీ కుదరదు. ఐస్‌ఈ1యూఎస్‌బీని సూచించిన కారణం ఇదే, దానికి జీపీఎస్‌తో దిద్దుకునే గడియారం ఉంది. జీపీఎస్ యాంటెన్నాను కిటికీలో కాకుండా ఆకాశం పూర్తిగా కనబడే చోట పెట్టండి. కొబ్బరిచెట్ల కింద డాబా అయితే గోడ అంచుకు జరపండి.

ఈ1 లింకు

2.048 మెగాబిట్ల ఈ1లో 64 కిలోబిట్ల టైంస్లాట్లు 32. సున్నా నంబరుది ఫ్రేమ్ గుర్తుకు పోతుంది, మిగిలినవి 31. ఒక టీఆర్‌ఎక్స్‌లో ఎనిమిది వంతులు, ఒక్కోదానికి 16 కిలోబిట్లు. అంటే రెండు ఈ1 టైంస్లాట్లు మాటలకు, ఇంకొకటి సిగ్నలింగుకు. ఈ లెక్కన ఒక ఈ1 మీద పది టీఆర్‌ఎక్స్‌లే పడతాయి. 12 నింపిన క్యాబినెట్లలో సిగ్నలింగును కుదించి పంపడం ఇందువల్లే.

120 ఓం లింకుకు రెండు జతల తీగలు. క్రోన్ మాడ్యూల్ (తీగలను కత్తుల్లాంటి రేకుల మధ్య గుచ్చి కలిపే బ్లాకు) మీద ఒక జత పంపేది, ఒకటి అందుకునేది. సిగ్నల్ లేదని అలారం వస్తే ముందు ఆ జతలు తారుమారు చేసి చూడండి. అయినా పోకపోతే డీఎక్స్‌యూ వైపు పంపే జతను దాని అందుకునే జతకే కలిపి లూప్ వేయండి. అలారం పోతే డీఎక్స్‌యూ బాగుంది, లోపం మీ కేబుల్‌లోనో అడాప్టర్‌లోనో ఉంది. లూప్‌లోనూ పోకపోతే క్రోన్ కత్తుల మీద తుప్పు చూడండి. డెల్టాలో ఇది మామూలు, కొత్త మాడ్యూల్ వేస్తే చాలు. లింకు కాసేపు ఉండి కాసేపు పోతుంటే సీఆర్‌సీ-4 (తప్పులు పట్టే తనిఖీ) అమరిక ఒక వైపు ఉండి ఇంకొక వైపు లేదేమో సరిచూడండి.

సాఫ్ట్‌వేరు ఎలా లేస్తుంది

కరెంటు రాగానే డీఎక్స్‌యూ బూట్ ప్రోగ్రాం ఫ్లాష్ కార్డులోని సాఫ్ట్‌వేరును ఎత్తుకుంటుంది. ఆపై ఐడీబీ అనే సైటు డేటాబేసు చదువుతుంది. ఏ సీడీయూ రకం, ఎన్ని సెల్లులు, ఏ ట్రాన్స్‌మిషన్, ఏ యాంటెన్నా ఏ డీటీఆర్‌యూకు, అన్నీ అందులో ఉంటాయి. లోపల నిజంగా ఉన్న సామాను ఐడీబీతో సరిపోలకపోతే అలారం. వేరే సైటు నుంచి తెచ్చిన డీఎక్స్‌యూను పెడితే జరిగేది ఇదే. కార్డులన్నీ బాగుంటాయి, లెక్క ఒక్కటే తప్పు.

ఐడీబీ చదవడానికి ఓఎంటీ అనే ప్రోగ్రాం, సీరియల్ కేబుల్ కావాలి. చదవడం ఎప్పుడైనా చదవొచ్చు. మార్చాలంటే ముందు డీఎక్స్‌యూ మీది బటన్ నొక్కి లోకల్ స్థితికి తేవాలి, పసుపు దీపం వెలుగుతుంది. పని అయ్యాక మళ్ళీ నొక్కి రిమోట్‌కు తిప్పడం మరిచిపోతే బీఎస్‌సీ ఎంత పిలిచినా క్యాబినెట్ పలకదు. లింకు పోయిందని గంటలు వెతికేముందు ఆ పసుపు దీపం చూడండి.

బీఎస్‌సీ పాత్రకు ఓస్మోబీఎస్‌సీ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు ఉంది. ఆర్‌బీఎస్ 2000 కుటుంబాన్ని నడపగలదు. దానితోపాటు ఓస్మోఎంఎస్‌సీ (కాల్స్ కలిపేది), ఓస్మోహెచ్‌ఎల్‌ఆర్ (చందాదారుల జాబితా), ఓస్మోఎంజీడబ్ల్యూ (మాటలను చేరవేసేది), ఓస్మోఎస్‌టీపీ (సిగ్నలింగును చేరవేసేది), అడాప్టర్ కోసం ఓస్మో-ఈ1డీ పెట్టుకోండి. అమర్చాల్సినవి ఇవి:

1. బీటీఎస్ రకం ఆర్‌బీఎస్2000. నిర్వహణ సిగ్నలింగుకు ఈ1 టైంస్లాట్ 1 మొత్తం, టీఈఐ (సిగ్నలింగు లింకు మీది చిరునామా) 62.
2. మొదటి టీఆర్‌ఎక్స్ సిగ్నలింగుకు అదే టైంస్లాట్ 1, టీఈఐ 0.
3. ఆ టీఆర్‌ఎక్స్ ఎనిమిది వంతులకు ఈ1 టైంస్లాట్లు 2, 3. ఒక్కోదానిలో నాలుగేసి ఉప భాగాలు.
4. ఇంటర్‌ఫేస్ స్విచ్ జాబితా. ఈ1 మీది ఏ భాగం లోపలి ఏ బిందువుకు కలవాలో చెప్పేది ఇదే.
5. దేశం కోడు 001, నెట్‌వర్క్ కోడు 01. ఇవి పరీక్షలకు కేటాయించినవి. ఏ ఆపరేటర్ కోడూ పెట్టకూడదు.

లాగ్‌లో చూడాల్సిన క్రమం: ముందు కేంద్ర విధి పలుకుతుంది, తర్వాత ఇంటర్‌ఫేస్ స్విచ్, సమయ విధి, టీఆర్‌ఎక్స్ నియంత్రణ, చివరికి ట్రాన్స్‌మిటర్, రిసీవర్, ఎనిమిది టైంస్లాట్లు. ఎక్కడ ఆగిందో లోపం అక్కడే. సమయ విధి దగ్గర ఆగితే గడియారం. టీఆర్‌ఎక్స్ దగ్గర ఆగితే స్విచ్ జాబితా, లేదా డీటీఆర్‌యూ కేబుల్. అంతా లేచి, కాల్ కలిసి, మాట వినబడకపోతే దాదాపు ఎప్పుడూ స్విచ్ జాబితాలో టైంస్లాట్ 2, 3ల లెక్క తప్పినట్టే.

పాత సైటు వివరాలు కూడా చేతికి దొరికితే టైమింగ్ అడ్వాన్స్ (దూరాన్ని బట్టి ఫోన్ ఎంత ముందుగా పంపాలో చెప్పే సంఖ్య) పరిమితి ఎంతో చూడండి. ఒక్కో మెట్టు సుమారు 550 మీటర్లు. మామూలు సెల్లులో 63 మెట్లు, అంటే 35 కిలోమీటర్లు. సముద్రం మీది పడవలకు అందాలంటే అది చాలదు. పక్కపక్క వంతులు రెండేసి కలిపి ఒక్క కాల్‌కు ఇస్తే పరిధి 121 కిలోమీటర్లదాకా పెరుగుతుంది, బదులుగా ఒక కేరియర్ మీద ఎనిమిది కాల్స్‌కు బదులు నాలుగే. తీరం టవర్లకు పనికొచ్చే ఏర్పాటు ఇది.

రేడియో

ఇప్పుడు డీటీఆర్‌యూ ఒక్కటే లోపలికి తోయండి. సీడీయూ యాంటెన్నా పోర్టుకు 100 వాట్ల అటెన్యుయేటర్, మిగిలిన అన్ని పోర్టులకు 50 ఓం లోడ్లు. 7/16 డిన్‌ను 25 నుంచి 30 న్యూటన్ మీటర్లకు బిగించండి. చేతి బిగువు చాలదు, వదులు కనెక్టర్ వేడెక్కుతుంది, వీఎస్‌డబ్ల్యూఆర్ (పవర్ ఎంత వెనక్కి తిరుగుతోందో చెప్పే కొలత) అలారం తెస్తుంది.

సైటు నుంచి వచ్చిన జంపర్లను ముందు నానోవీఎన్‌ఏతో చూడండి. రెండో చివర మంచి లోడ్ పెట్టి కొలిస్తే రిటర్న్ లాస్ 18 డీబీ దగ్గర, అంతకంటే మెరుగ్గా ఉండాలి. అది వీఎస్‌డబ్ల్యూఆర్ 1.3కి సమానం. 14కి తగ్గితే 1.5. అలాంటివి కోసి చూస్తే లోపలి రాగి ఆకుపచ్చగా, తడిగా ఉంటుంది. ఎండబెట్టి వాడాలని చూడకండి, కొత్తవి కొనండి.

పవర్ లెక్క కాగితం మీద వేయండి. ట్రాన్స్‌మిటర్ 46 డీబీఎం అనుకుంటే, 30 డీబీ పెద్దదాని తర్వాత 16 మిగులుతుంది, అది చిన్నవాటికి సురక్షితం. ఇంకొక 60 డీబీ కలిపితే డాంగిల్‌కు చేరేది మైనస్ 44 డీబీఎం. ఒక్క పెద్దదానితో డాంగిల్ తగిలిస్తే ముందు ఇన్‌పుట్ కాలిపోతుంది. ఓస్మోబీఎస్‌సీలో పవర్‌ను 2 డీబీ మెట్లుగా తగ్గించవచ్చు. మొదటిసారి కనిష్ఠంతోనే మొదలుపెట్టండి.

ఎస్‌డీఆర్ తెర మీద 200 కిలోహెర్ట్జ్ దిబ్బ కనబడాలి. అందులో కేరియర్ మధ్య నుంచి 67.7 కిలోహెర్ట్జ్ పైన, క్షణక్షణం మెరిసే శుద్ధ స్వరం ఎఫ్‌సీసీహెచ్. ఫోన్లు తమ గడియారాన్ని దిద్దుకునేది దానితోనే. డాంగిల్ సొంత తప్పు వేల హెర్ట్జ్‌లు ఉండొచ్చు కాబట్టి దాన్ని బట్టి బీటీఎస్ గడియారం మీద తీర్పు చెప్పకండి. జీఆర్-జీఎస్ఎం అనే సాఫ్ట్‌వేరుతో కంట్రోల్ ఛానెల్ విప్పి 001, 01 కనబడితే ప్రసారం సరిగ్గా ఉన్నట్టు.

పరీక్ష ఫోన్‌ను కూడా కేబుల్‌తోనే కలపాలి. ఆర్ఎఫ్ పరీక్ష పోర్టు ఉన్న పాత ఫోన్ వెతకండి, కవచం ఉన్న పెట్టెలో పెట్టండి. ఫోన్ గరిష్ఠంగా 33 డీబీఎం పంపుతుంది. 90 డీబీ తర్వాత అది బీటీఎస్‌కు మైనస్ 57గా చేరుతుంది, హాయిగా వినగలిగే స్థాయి. సొంత సిమ్‌లే వాడండి. ప్రోగ్రాం చేయగల ఖాళీ సిమ్‌లు దొరుకుతాయి, వాటి తాళాలు హెచ్‌ఎల్‌ఆర్‌లో నమోదు చేయాలి.

ఫోన్ నెట్‌వర్క్ చూస్తూ కూడా నమోదు కాకపోతే రిసీవ్ దారి చూడండి. సీడీయూ నుంచి సీఎక్స్‌యూకు, అక్కడినుంచి డీటీఆర్‌యూకు వెళ్ళే సన్నటి కేబుళ్ళలో ఒకటి తారుమారై ఉంటుంది. ఐడీబీ ఏ కేబుల్ ఎక్కడుండాలని అనుకుంటోందో, మొదట్లో అంటించిన చీటీలతో పోల్చి చూడండి.

వానాకాలం దాకా, వానాకాలంలో

క్యాబినెట్ నేల మీద కాకుండా రెండడుగుల ఎత్తు దిమ్మ మీద ఉండాలి. కేబుళ్ళు లోపలికి వచ్చే కన్నాలు నురుగు పదార్థంతో మూసేయండి, చీమలకు అదే దారి. వాడని డీటీఆర్‌యూలను సిలికా జెల్ సంచులతో గట్టి ప్లాస్టిక్ కవర్లలో పెట్టి, ఆ సంచులను నెలనెలా ఆరబెట్టండి. నెలకొకసారి రెండు మూడు గంటలు కరెంటు ఇచ్చి నడిపితే ఆవెన్ గడియారం, పీఎస్‌యూ కెపాసిటర్లు బాగుంటాయి, లోపలి చెమ్మ పోతుంది.

ఇక పనికిరావని తేలిన కార్డుల్లోంచి కనెక్టర్లు, ఫ్యాన్లు, బ్రేకర్లు విడిగా తీసుకోండి. పవర్ యాంప్లిఫైయర్ భాగాలను మాత్రం పగలగొట్టకుండా, మూతతో సహా, బెరిలియం ఉండొచ్చని పైన చీటీ రాసి అధీకృత ఇ-వ్యర్థాల రీసైక్లర్‌కు అప్పగించండి. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఇ-వ్యర్థాల నిబంధనల ప్రకారం నమోదైన రీసైక్లర్‌కే ఇవ్వాలి. ఇచ్చినట్టు రసీదు తీసుకుని, ల్యాబ్ స్టాకు రిజిస్టరులో అంటించండి.